గొడుగు కనిపించినంతసేపూ

మా మావయ్య కృపాకర్ నిదానం గురించి సోల్జర్‌పేటలో తెలియనివాళ్ళు లేరు. కురుపాం మార్కెట్లో చేపల బుట్ట ముందు కూర్చుంటే, అమ్మే మనిషికి విసుగొచ్చి "బాబూ, మీరు బేరం తెగ్గొట్టీలోగా సేప కుళ్ళిపోద్ది" అనేది. ఆదివారం మేమంతా గుడికెళ్ళి రెండో కీర్తన పాడుతుండగా వచ్చి, చివరి బల్ల మీద కూర్చునేవాడు. ఏ కాగితమైనా రెండుసార్లు చదవనిదే సంతకం చేసేవాడు కాదు. ఆఖరికి నా ప్రోగ్రెస్ కార్డు కూడా.

ఆయన మా అమ్మకు అన్నయ్య. నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన ఇంటికి వచ్చేశాం. ఆయనకీ, దీవెనమ్మ అత్తయ్యకీ పిల్లలు లేరు. ఆ లోటు మాట వాళ్ళిద్దరూ నా ఎదుట ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను చూసుకున్న తీరులో అదంతా కలిసిపోయింది. పెంకుటిల్లు, ముందు వరండా, వరండాలో పేముకుర్చీ. అక్కడ కూర్చుంటే ఓడరేవు క్రేన్లు, వాటి వెనక కొండ కనిపించేవి. సాయంత్రం ఓడ కూత వినిపించగానే అత్తయ్య "మీ మావయ్య బయల్దేరుంటాడు" అని టీకి నీళ్ళు పెట్టేది. ఆ నీళ్ళు మరిగి, ఇగిరి, మళ్ళీ పోసి మళ్ళీ మరిగితే గాని ఆయన వచ్చేవాడు కాదు.

మావయ్య డిప్యూటీ తహసీల్దారు. కోర్టు జడ్జీ కాకపోయినా, మేజిస్ట్రేటు అధికారం కొంత ఆయన చేతిలో ఉండేది. ఎక్కడైనా గొడవ జరిగి జనం గుమిగూడితే, చెదిరిపొమ్మని చెప్పే అధికారం. మామూలు రోజుల్లో దాని అవసరం పడేది కాదు. జాతరలో తోపులాట జరిగితే వెళ్ళి నిలబడటం, రెండు వీధులవాళ్ళు కుళాయి దగ్గర కొట్టుకుంటే సర్దిచెప్పి రావడం. అంతకుమించి ఆయన అధికారం మేమెప్పుడూ చూడలేదు.

డెబ్బై రెండు ఆఖర్లో ప్రత్యేకాంధ్ర ఉద్యమం ఊళ్ళన్నిటినీ ఊపేసింది. మాకు బడి లేదు. ఆఫీసుల్లో గుమాస్తాలు సమ్మెలో ఉన్నారు. బయల్దేరిన రైలు ఎక్కడ ఆగిపోతుందో ఎవరికీ తెలిసేది కాదు. మావయ్య మనసు ఉద్యమం వైపే ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. కాని ఆయన సమ్మెలో చేరే హోదాలో లేడు. పోలీసులు చాలక సైన్యాన్ని పిలిచారు. ఒక సాయంత్రం మావయ్య వచ్చి, చెప్పులు విడిచి, తాపీగా కాళ్ళు కడుక్కుని, అప్పుడు చెప్పాడు.

"దీవెనా, రేపట్నించి మిలట్రీవాళ్ళు నాతో తిరుగుతారంట."

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది. "మీతో ఆళ్ళా, ఆళ్ళతో మీరా?"

"నాతో ఆళ్ళే."

"తుపాకులు ఆళ్ళ దగ్గర కదా ఉన్నాయి!"

"అందుకేనే. తుపాకి లేనోడొకడు పక్కనుండాలని చట్టంలో రాసేరు."

అత్తయ్యకు నవ్వాగలేదు. "పెరట్లో ఆనపపాదు మేసేసిన మేకని ఎల్లగొట్టలేకపోనారు మొన్న. మీరు మిలట్రీకి ఆర్డరేత్తారా!"

మావయ్య కూడా నవ్వాడు. తర్వాత వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నాకర్థమయ్యేలా చెప్పాడు. సైన్యం ఉన్నది సరిహద్దు కోసం. సొంత జనం మీదికి అది తనంతట తాను రాకూడదు. మేజిస్ట్రేటు వాళ్ళను కోరాలి. కోరిన తర్వాత పని ఎలా చెయ్యాలన్నది ఆ సైనికాధికారి ఇష్టం. అప్పుడు కూడా ఎంత తక్కువ బలంతో సరిపోతుందో అంతే వాడాలి. దగ్గర్లో మేజిస్ట్రేటు ఎవరూ అందుబాటులో లేకపోతేనే ఆ అధికారి సొంతంగా నిర్ణయం తీసుకోవచ్చు. మేజిస్ట్రేటు అందిన మరుక్షణం మళ్ళీ ఆయన మాట వినాలి.

"అంటే నువ్వు ఊఁ అనకపోతే వాళ్ళు పేల్చరా మావయ్యా?"

"పేల్చకూడదు," అన్నాడు. 'పేల్చరు' అనలేదు. ఆ తేడా నాకప్పుడు తెలియలేదు.

ఆయనకు జతగా వచ్చిన కెప్టెన్ కూర్గు వైపువాడు. పాతికేళ్ళు నిండినట్టు కూడా లేని మొహం. మొదటి రోజు కలెక్టరాఫీసు మెట్ల దగ్గర, జీపు దిగి బూట్లు టక్కున కొట్టి మావయ్యకు సెల్యూట్ చేశాడట. మావయ్య కంగారుపడి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. సంచీ ఒక చేతిలో, గొడుగు ఒక చేతిలో ఉండటంతో రెండూ కిందపడ్డాయి. కెప్టెనే వంగి తీసిచ్చాడు. ఆ కథ కెప్టెన్ తర్వాత మా ఇంట్లో అభినయించి చెబుతుంటే అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

కొన్నాళ్ళు పెద్దగా ఏమీ జరగలేదు. జీపు ముందు సీట్లో మావయ్య, వెనక ట్రక్కులో జవాన్లు. గాజువాక వైపు ఒకసారి, అనకాపల్లి దారిలో ఒకసారి. అత్తయ్య క్యారేజీలో ఇద్దరికి సరిపడా అన్నం పెట్టి పంపేది. గోంగూర రొయ్యలు ఆ కూర్గు అబ్బాయికి ఎంత నచ్చాయంటే, ఖాళీ గిన్నె తనే కడిగించి పంపేవాడు. మావయ్యకు వచ్చిన హిందీ తక్కువ, ఆయనకు వచ్చిన తెలుగు శూన్యం. మధ్యలో ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషులో ఎక్కువ మాట్లాడుకున్నది చేపల గురించి, కాఫీ తోటల గురించి.

దువ్వాడలో జరిగినదాన్ని నేను ముగ్గురి నోట విన్నాను. మావయ్య కొంచెం చెప్పాడు. కెప్టెన్ ఇంకొంచెం చెప్పాడు. స్టేషన్లో వేరుశనక్కాయలమ్మే పాపాయమ్మ అందరికంటే ఎక్కువ చెప్పింది.

ఆ రోజు ఒక పాసింజరు బండిని దువ్వాడ స్టేషన్లో ఆపేశారు. పట్టాల మీద జనం. కాలేజీ కుర్రాళ్ళు, సమ్మెలో ఉన్న ఉద్యోగులు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. అప్పటికే స్టేషను కిటికీల అద్దాలు పగిలాయి. పోలీసులు గుప్పెడుమంది ఉన్నారు. మావయ్య, కెప్టెన్ వెళ్ళేసరికి అక్కడున్న పోలీసు ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చి, ఇంక ఆలస్యం చేస్తే బండి తగలబెడతారు, సంతకం పెట్టెయ్యండి అన్నాడు.

జీపు బానెట్ మీద కెప్టెన్ కాగితం పరిచాడు. జనాన్ని చెదరగొట్టమని మేజిస్ట్రేటు సైన్యాన్ని కోరే కాగితం అది. కింద సంతకానికి చోటు వదిలారు. మావయ్య దాన్ని చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుంటున్నాడు. కెప్టెన్ మాత్రం కాగితం గాలికి ఎగరకుండా అంచు అదిమిపట్టాడు.

మావయ్య కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నేను ముందు వాళ్ళతో మాట్లాడి వస్తాను," అన్నాడు ఇంగ్లీషులో.

"సర్, మీరు ఆ గుంపులోకి వెళ్ళి కనపడకుండా పోతే ఇక్కడ మేజిస్ట్రేటు లేనట్టే," అన్నాడు కెప్టెన్. "అప్పుడు నిర్ణయం నా మీద పడుతుంది. నాకది వద్దు."

మావయ్య ఒకసారి ఎండ వైపు చూశాడు. జీపులోంచి గొడుగు తీసి తెరిచాడు. "ఇది మీకు కనిపించినంతసేపూ నేను అందుబాటులో ఉన్నట్టే. ఇదిగో, తల కంటే ఎత్తుగా పట్టుకుంటాను."

అలా గొడుగేసుకుని, పెళ్ళికెళ్ళే మనిషిలా, పట్టాల పక్క కంకరలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

గుంపు మొదట దారివ్వలేదు. ఎవరో ఆయన్ను గుర్తుపట్టారు. ఒక కుర్రాడు ఎదురుగా వచ్చి అడిగాడు: "మీరు ఆంధ్రావోరు కారేటి సారూ? మా ఎంపట రాకండా ఆళ్ళ ఎంపట తిరుగుతారేటి?"

"మీ ఎంపట రావాలనే నాకూ ఉంది నాయనా," అన్నాడు మావయ్య. "కాని నాను మీ ఎంపట వచ్చేత్తే ఆళ్ళ పక్కన ఎవులుంటారు?"

కుర్రాడు పక్కకి జరిగాడు. మావయ్య ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఇవ్వడం ఆయనకు రాదు. బండిలో చంటిపిల్లలున్నారు, పొద్దుట్నించి నీళ్ళు లేవు, ముందు వాళ్ళకి నీళ్ళందనివ్వండి అన్నాడు. ఇందాక రాళ్ళు పట్టుకున్న చేతులే బిందెలు పట్టుకున్నాయి. నీళ్ళ పనిలో పడ్డాక గుంపు కాస్త పల్చబడింది, గొంతులు తగ్గాయి. మావయ్య ఒక్కొక్కరి దగ్గరా ఆగి, తన మామూలు నిదానంతో, నీ పేరేటి, ఏ ఊరు, ఇంటిదగ్గర ఎవరున్నారు అని అడుగుతూ తిరిగాడు. అంతసేపూ గొడుగు పట్టుకున్న చెయ్యి దించలేదు.

అప్పుడు వెనకనుంచి ఒక రాయి వచ్చింది. ఇంజనుకు వేసిన రాయేనని తర్వాత అందరూ అన్నారు. అది మావయ్య నుదుటికి తగిలింది. ఆయన కూలబడ్డాడు. గొడుగు పడిపోయింది.

ఇక్కడ కెప్టెన్ చెప్పింది చెప్పాలి. గొడుగు మాయమవగానే ఎవరూ చెప్పకుండానే జవాన్లు తుపాకులు సర్దుకున్నారట. ఇన్‌స్పెక్టరు "చంపేశారు, చంపేశారు" అని అరుస్తున్నాడు. కెప్టెన్ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దించితే ఏం జరగాలో ఆయన మనుషులకు తెలుసు. "చట్టం నాకు అడ్డులేదు," అన్నాడాయన, మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని. "మేజిస్ట్రేటు కనిపించడం లేదు. నా మనిషిని కొట్టారన్న కోపం ఉంది. మాట గొంతులోకి వచ్చేసింది. అయినా ఇంకొక్కసారి చూద్దామనుకున్నాను."

ఆ ఒక్కసారి చూసినప్పుడు గొడుగు మళ్ళీ లేచింది.

లేపింది పాపాయమ్మ. ప్లాట్‌ఫారం చివర వేరుశనక్కాయల తట్టతో ఉన్న మనిషి, మావయ్య పడిపోవడం చూసి తట్ట వదిలేసి పరుగెత్తింది. నెత్తురు కారుతున్న ఆ తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఎండ మొహాన పడుతోందని గొడుగు తీసి పైకెత్తి పట్టుకుంది. అంతే. కెప్టెన్ సంగతి, మావయ్య మాట ఇవ్వడం, అవేవీ ఆవిడకు తెలియవు.

"ఓలమ్మో, బాబు తలకాయ పగిలిపోనాది! రాయేసిన సచ్చినోడెవుడ్రా?" అని ఆవిడ ఎత్తుకున్న తిట్లు స్టేషనంతా వినిపించాయట. "పిల్లలకి నీలిప్పించినోడి మీద రాయేత్తార్రా? మీకమ్మల్లేరా? రండి, మోసుకెల్లండి, సూత్తన్నారేటి?"

ఆ తిట్లకి గుంపు సిగ్గుపడింది. ఇందాకటి కుర్రాడే మావయ్య చంక కింద చెయ్యి వేసి లేపాడు. మావయ్య నుదుటికి తువ్వాలు అదుముకుని, గొడుగు తను తీసుకుని, దాన్నే జీపు వైపు ఊపాడు. కెప్టెన్ ముందు జవాన్లను కూర్చోమని, ఆ తర్వాతే ఎత్తిన చెయ్యి దించాడు. పొద్దువాలేసరికి జనం పట్టాలు వదిలేశారు. పాసింజరు బండి కూత వేసుకుంటూ కదిలింది.

కథ ఇక్కడే అయిపోతే బాగుండేది. మా అత్తయ్య చాలా ఏళ్ళు ఇక్కడిదాకానే చెప్పేది.

అందరూ ఇటు చూస్తున్నప్పుడు, స్టేషను అవతలి కొసన ఎవరో కొందరు పార్సిలాఫీసుకు నిప్పుపెట్టారు. వాళ్ళెవరో చివరికీ తేలలేదు. అక్కడ సూరన్న అనే పోర్టరు ఉన్నాడు. మధ్యాహ్నంపూట ఒక ముసలి బిచ్చగాడు ఆ గదిలో మూటల వెనక పడుకోవడం సూరన్నకు తెలుసు. పొగ చూసి, తలుపుకున్న కాలుతున్న ఇనుప పిడి రెండు చేతులతో పట్టి లాగి, లోపలికి దూరాడు. లోపల ఎవరూ లేరు. ముసలాడు ఆ పొద్దు గొడవకు భయపడి ఎటో వెళ్ళిపోయాడు. సూరన్న బయటికొచ్చాడు కాని, చేతులు రెండూ కాలిపోయాయి. మానిన తర్వాత వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. మళ్ళీ మూట మొయ్యలేదు.

ఉద్యమం చల్లారాక మావయ్య మీద విచారణ వేశారు. సంతకం పెట్టడంలో ఆలస్యం చేశాడు, ఆ ఆలస్యంలో ఆస్తి కాలిపోయింది, మనిషి గాయపడ్డాడు అని. కెప్టెన్ అప్పటికి వేరే ఊరికి బదిలీ అయ్యాడు. సాక్ష్యం రాసి పంపినా సరిపోయేది. తనే రైలెక్కి వచ్చాడు. విచారణాధికారి ఆయన్ను అడిగారట, సైనికుడిగా మీ అభిప్రాయం చెప్పండి, ఆ పరిస్థితిలో కాల్పులు అవసరమా, కాదా అని.

"ఆ ప్రశ్న నాది కాదు సర్," అన్నాడట కెప్టెన్. "అది ఆయన తేల్చవలసింది. ఆయన తేల్చేదాకా ఆగడం నా పని. ఆగాను."

"మేజిస్ట్రేటు పడిపోయినప్పుడు?"

"గొడుగు లేచింది సర్. కనిపించింది కాబట్టి ఆగాను."

ఆ రోజు మధ్యాహ్నమే ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చింది. అత్తయ్య కోనాం చేప పులుసు, గోంగూర రొయ్యలు రెండూ చేసింది. సాయంత్రం వరండాలో పేముకుర్చీ ఆయనకిచ్చి, మావయ్య మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా ఓడల వైపు చూస్తూ చాలాసేపు ఉన్నారు. ఆ మౌనం నాకిప్పటికీ బాగా గుర్తు. పెద్దవాళ్ళు మాట్లాడకుండా కూడా స్నేహంగా ఉండొచ్చని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

విచారణలో మావయ్య ఉద్యోగం పోలేదు. హెచ్చరిక ఇచ్చి వదిలేశారు. కాని ప్రమోషను ఆగిపోయింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు తహసీల్దార్లయ్యారు. ఆయనకు బాధ లేదని అత్తయ్య అందరికీ చెప్పేది. ఉండేది. శిష్యుడొకడు ప్రమోషను వచ్చిందని టీపార్టీకి పిలిస్తే, మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి మలుపుదాకా వెళ్ళి, తలనొప్పి అంటూ తిరిగి వచ్చేశాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ చొక్కా విప్పి, ముడత పడకుండా దండెం మీద వేశాడు.

దానికంటే ఆయన్ను ఎక్కువ తిన్నది సూరన్న విషయం. రైల్వే ఆసుపత్రికి చూడటానికి వెళ్తే సూరన్న గోడవైపు తిరిగి పడుకున్నాడట. తర్వాత అతనికి స్టేషన్లోనే తాగునీళ్ళ కుండలు చూసుకునే పని ఇచ్చారు. మావయ్య వీలైనప్పుడల్లా పాసింజరెక్కి దువ్వాడ వెళ్ళేవాడు. సూరన్న ఆయన్ను చూసి లేచి, కుండల వెనక్కి వెళ్ళిపోయేవాడు. మావయ్య పాపాయమ్మ దగ్గర కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, వచ్చే బండిలో తిరిగొచ్చేవాడు. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. పాపాయమ్మ నా ఒళ్ళో గుప్పెళ్ళకొద్దీ కాయలు పోసి, ఆ రోజు కథ మొదలుపెట్టేది. ప్రతిసారీ రాయి కాస్త పెద్దదయ్యేది.

"బాబూ, ఆడు పలకడు, మీరు మానరు," అనేది మావయ్యతో. "ఏటిది?"

"పలికీవరకూ వత్తానులే," అనేవాడు ఈయన.

డెబ్బై ఏడులో ఒక సాయంత్రం ట్రాన్సిస్టర్లో వార్తలు వస్తున్నాయి. పక్క దేశంలో ప్రభుత్వాన్ని దించేసి సైన్యాధికారి గద్దెనెక్కాడని చెప్పారు. అత్తయ్య బియ్యం చేట పక్కన పెట్టి అడిగింది: "మన దగ్గర అలగ జరగదా ఏటండీ? ఆళ్ళకి తుపాకులున్నాయి, మనకేటున్నాయి?"

"మనకి పుస్తకముంది," అన్నాను నేను. అప్పటికి కాలేజీలో చేరాను, రాజ్యాంగం గురించి పరీక్ష కూడా రాశాను.

మావయ్య ట్రాన్సిస్టరు గొంతు తగ్గించాడు. "పుస్తకం ఆళ్ళకీ ఉండే ఉంటాదమ్మా. ఆ పొద్దు దువ్వాడలో గొడుగు పడిపోయినప్పుడు, పుస్తకం ఆ కుర్రోడికి పేల్చుకోమనే చెప్పింది. ఆడు ఇంకోసారి చూసేడు. ఆ ఇంకోసారి ఏ పుస్తకంలోనూ లేదు."

ఆ మాట వల్లే నేను తర్వాత లా చదివానని చెబితే అబద్ధం. లా కాలేజీ యూనివర్సిటీలో ఉంది, యూనివర్సిటీ సముద్రం పక్కన ఉంది, నా స్నేహితురాళ్ళిద్దరు అందులో చేరారు. అంతే. కాని అక్కడ రాజ్యాంగ పాఠంలో సైన్యం మీద పౌర ప్రభుత్వానికి ఉండే అధికారం గురించి లెక్చరరు చెబుతుంటే, మిగతావాళ్ళకి రాష్ట్రపతి, రక్షణ మంత్రి, పార్లమెంటు తలపుకొచ్చేవారు. నాకు మాత్రం దువ్వాడ పట్టాల పక్క కంకర మీద నడుస్తున్న మావయ్యే కనిపించేవాడు.

అప్పటికి ఊరు మారిపోతోంది. కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు కర్మాగారం కడుతున్నారు. లారీల దుమ్ము దువ్వాడ దాకా వచ్చేది. స్టేషన్లో ఎప్పుడూ కొత్త మనుషులు, కొత్త భాషలు. పాపాయమ్మ తట్ట పక్కన ఇంకో నలుగురు తట్టలు పెట్టారు. ఎనభై రెండో, మూడో సరిగా గుర్తులేదు, ఒక వేసవి మధ్యాహ్నం నేను మావయ్యతో దువ్వాడ వెళ్ళాను. బండి దిగి నీళ్ళ కుండల వైపు నడిచాం. ఈసారి సూరన్న లేచి వెళ్ళిపోలేదు. ముంజేతులతో లోటా అదిమిపట్టి, ముంచి, మావయ్యకు అందించాడు.

"తాగండి. ఎండన పడొచ్చేరు," అన్నాడు. అంతకుముందు నేనా గొంతు వినలేదు. "ఒక మాటడుగుతాను బాబూ, దాపరికం లేకండా సెప్పాల."

"అడుగు సూరన్నా."

"ఆ పొద్దు ఆ కాయితం మీద మీరు సంతకం ఎట్టీసుంటే, జనం పారిపోదురు. అవునా? నా సేతులు కాలకపోను."

మావయ్య లోటా కింద పెట్టాడు. "కాలకపోనేమో. నాకు తెలీదు."

"తుపాకులు పేలుంటే ఎంతమంది పోదురు?"

"అదీ తెలీదు. ఒక్కడూ పోకపోనేమో."

"ఏటీ తెలీకండానే సంతకం మానీసినారా?"

"తెలీకపోబట్టే మానీసేను సూరన్నా. తెలీకండా ఎట్టీ సంతకం కాదది."

సూరన్న ఆయన మొహంలోకి చూశాడు. నాకు భయమేసింది, కిందున్న లోటా తన్నేస్తాడేమోనని. అతను ముడుచుకుపోయిన తన చేతుల వైపు చూసుకున్నాడు. "నానూ అంతే కదా," అన్నాడు చివరికి. "ఆ ముసిలోడు నోపలున్నాడో లేడో తెలీకండానే తలుపు లాగేను."

మావయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సూరన్న అది చూసి కంగారుపడ్డాడు. "ఊరుకోండి బాబూ. మీరింతకాలం జాలిపడి వత్తన్నారని కోపమొచ్చీది నాకు. నా మీదెవుడైనా జాలిపడితే నానోర్సుకోలేను."

"జాలి కాదు. నీకు జవాబు సెప్పుకోవాల కదా. విచారణలో నన్ను అందరూ అడిగేరు, నువ్వొక్కడివే అడగలేదు."

"ఇప్పుడడిగేసేను కదా," అన్నాడు సూరన్న. "ఇంక కూకోండి."

ఆ మధ్యాహ్నం నుంచి వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారు. మావయ్యకు ఎట్టకేలకు తహసీల్దారుగా ప్రమోషను వచ్చింది. వచ్చిన కొద్దికాలానికే రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో పెద్దలు మాట్లాడారు, దండలు వేశారు. దువ్వాడ సంగతి ఎవరూ ఎత్తలేదు. వెనక వరసలో పాపాయమ్మ, సూరన్న కూర్చున్నారు. సభ అయ్యాక అత్తయ్య వాళ్ళిద్దర్నీ ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టింది. సూరన్నకు చెంచా పట్టుకోవడం కష్టమని చూసి, ముద్దలు కలిపి చిన్నవిగా పళ్ళెం అంచున పెట్టింది. అతను మొహమాటపడితే, "తిను తమ్ముడూ, ఈయన నిదానం నీకూ అంటుకున్నట్టుంది" అంది.

రిటైరయ్యాక మావయ్య సాయంత్రాలు ఎక్కువగా దువ్వాడ ప్లాట్‌ఫారం మీదే గడిపేవాడు. నేనప్పటికి కోర్టులో జూనియరుగా నల్లకోటు వేసుకుంటున్నాను. అత్తయ్య పోరు పడలేక ఒకసారి ఆయన్ను వెంటబెట్టుకు రావడానికి వెళ్ళాను. సిమెంటు బెంచీ మీద ఇద్దరూ ఉన్నారు. సూరన్న డ్యూటీ అయిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీలో మొదటి పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారా అని మాట్లాడుకుంటున్నారు. సూరన్న వచ్చే ఏడాదే అంటాడు, ఈయన కాదంటాడు.

"మావయ్యా, అత్తయ్య రమ్మంటోంది. బండి వచ్చేస్తోంది, పద," అన్నాను.

"వత్తానమ్మా. ఈ బండి ఎల్లనీ. తర్వాతదానికి ఎక్కుదాం."

బండి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను. పాపాయమ్మ అడక్కుండానే నా ఒళ్ళో వేరుశనక్కాయలు పోసింది. పొద్దువాలి, కర్మాగారం వైపు ఆకాశం ఎర్రబడుతోంది. వాళ్ళిద్దరి వాదన ఇంకా తెగలేదు.